నమ్ముట, నమ్ముకొనుట

మన తెలుగులో 'నమ్ముట' అని ఒక మాట ఉన్నది. 'నమ్ముకొనుట' అని మరియొక మాట ఉన్నది. చూపునకు రెండును అక్కచెల్లెండ్ర వలె ఉన్నవి. కాని వాడుకలో వాటి నడుమ దూరము చాల ఉన్నది. పొరుగూరిలో నిన్న వాన కురిసినదని ఒకరు చెప్పినచో నమ్ముదుము. నమ్మకపోయినను మన సంసారమునకు వచ్చు లోటు లేదు. కాని ఒక మెట్టరైతును చూపి, ఇతడు ఈ రెండెకరములను నమ్ముకొని బ్రతుకుచున్నాడని చెప్పినప్పుడు అర్థము వేరు. అతడు పాతర తీసి, పిల్లలు తినదగిన గింజలను దుక్కిలో చల్లినాడు. చల్లి ఆకాశము వంక చూచుచున్నాడు. వాన తప్పక వచ్చునని అతనికి ఎవరును పత్రము వ్రాసి ఇయ్యలేదు. అయినను గింజ అతని చేయి విడిచిపోయినది. నమ్ముటకు బుద్ధి ఒప్పుకొన్న చాలును. నమ్ముకొనుటకు బ్రతుకంతయు ఆనవలెను.

క్రైస్తవులు విశ్వాసమని చెప్పునది ఈ రెండవ దానికి దగ్గరగా ఉన్నది. యేసు క్రీస్తు తన యొద్దకు వచ్చినవారిని సిద్ధాంతములను గూర్చి పరీక్షించినట్లు సువార్తలలో అంతగా కనబడదు. తనపై ఆనుకొనుటకు సిద్ధముగా ఉన్నారా అని మాత్రము మాటిమాటికి చూచినాడు. వల వేయువానిని వల విడిచి రమ్మన్నాడు. సుంకపు మెట్టున కూర్చున్నవానిని లెక్కలు విడిచి రమ్మన్నాడు. వారికి ఆయనను గూర్చి ఆనాటికి తెలిసినది స్వల్పము. అయినను లేచి వెంట నడచినారు. ఆ నడకకే విశ్వాసమని పేరు.

ఇంతవరకు చిక్కు లేదు. చిక్కు ప్రార్థన దగ్గర వచ్చును. ఇంటిలో రోగము, పంటకు తెగులు, పిల్లవానికి ఉద్యోగము, కూతురికి సంబంధము, ఏదో ఒక అవసరము కలిగినప్పుడు మనిషి చేతులు జోడించును. అడిగినది దొరికినచో ప్రార్థన ఫలించినదని సంతోషించును. దొరకనప్పుడు ఏమి చెప్పవలెను? దేవుడు వినలేదని చెప్పుటకు నోరు రాదు. అందుచేత ఆ నేరమును తన మీదనే వేసికొనును: నా విశ్వాసము చాలలేదు కాబోలు అని. అతడు ఆ మాట అనకపోయినను అనిపించుటకు ఇరుగుపొరుగున మనుషులు ఉందురు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట కూర్చుండి, నీవు ఇంకను గట్టిగా నమ్మవలసినదమ్మా అని ఓదార్పు వలె చెప్పువారు ఉన్నారు. గాయము మీద ఉప్పు చల్లుట ఇంతకంటె వేరొకటి లేదు. ఈ మాటకు క్రీస్తు బోధలో ఆధారము ఉన్నదా లేదా అనునదే ఈ ప్రసంగములో నేను మీతో కలిసి ఆలోచింపదలచిన విషయము.

మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయములో ఒక తండ్రి కథ ఉన్నది. యేసు ముగ్గురు శిష్యులతో కొండ మీద ఉండగా, క్రింద మిగిలిన శిష్యుల యొద్దకు ఒకడు తన కుమారుని తీసికొని వచ్చినాడు. ఆ బాలుని చిన్ననాటి నుండి ఒక వ్యాధి పట్టి పీడించుచున్నది. మూర్ఛ వచ్చి నేల మీద పడును, నురుగు కార్చును, ఒకప్పుడు నిప్పులో, ఒకప్పుడు నీటిలో పడును. శిష్యులు ప్రయత్నించినారు, వారి వలన కాలేదు. చుట్టును జనము మూగినది. శాస్త్రులు వాదము పెట్టుకొన్నారు. రోగి ఒక ప్రక్కన, తర్కము ఒక ప్రక్కన. ఇది మనము ఎరుగని దృశ్యము కాదు.

యేసు దిగి వచ్చిన తరువాత ఆ తండ్రి, నీ వలన ఏమైన అయ్యెడి పక్షమున మాకు సాయము చేయుమని అడిగినాడు. ఆ 'అయ్యెడి పక్షము' అను మాటను యేసు పట్టుకొన్నాడు. సందేహము ఆ తండ్రి మాటలోనే ఉన్నదని చూపించినాడు. అప్పుడు అతడు ఏమి చేసినాడు? నాకు ఏ సందేహమును లేదని ఒట్టు పెట్టుకొనలేదు. తనకు నమ్మిక ఉన్నదని, నమ్మలేనితనము కూడ ఉన్నదని, ఆ నమ్మలేనితనమునకే సాయము కావలెనని, రెండును ఒక్క ఊపిరిలో ఏడ్చుచు చెప్పినాడు.

ఇది లోకములోని గొప్ప ప్రార్థనలలో ఒకటి అని నేను అనుకొందును. ఏలయనగా ఇందులో దాపరికము లేదు. సంతలో సరుకు అమ్మువాడు మంచి గింజలు పైన పోసి, పుచ్చు గింజలు అడుగున దాచును. ఈ తండ్రి పుచ్చు గింజలను కూడ పైననే పోసినాడు. యేసు అతనిని ముందు నీ విశ్వాసమును పెంచుకొని రమ్మని త్రిప్పి పంపలేదు. ఆ అరకొర విశ్వాసమునే అందుకొని బాలుని లేవనెత్తినాడు. తరువాత ఇంటిలో శిష్యులు, మా వలన ఎందుకు కాలేదని అడిగినప్పుడు, ప్రార్థన వలననే ఇట్టిది సాధ్యమని ఆయన చెప్పినట్లు మార్కు వ్రాసినాడు. ఈ శిష్యులు అంతకుముందు ఊరూర తిరిగి రోగులను బాగుచేసి వచ్చినవారే. ఇచ్చినవానిని విడిచి, ఇయ్యబడిన శక్తిని తమ సొత్తు అనుకొన్నారు కాబోలు. నైపుణ్యము గల శిష్యులు ఓడినారు. సందేహము గల తండ్రి గెలిచినాడు.

ఇప్పుడు రెండవ దృశ్యము చూడుడు. యెరూషలేమునకు ఎదురుగా ఒలీవల కొండ. దాని చెంత గెత్సేమనే అను తోట. ఆ పేరునకు నూనె గానుగ అని అర్థము చెప్పుదురు. శిలువకు ముందటి రాత్రి యేసు అక్కడికి వెళ్ళినాడు. ముగ్గురు మిత్రులను మేలుకొని ఉండుడని వేడుకొన్నాడు, వారు నిద్రపోయినారు. ఆయన నేల మీద సాగిలపడి ప్రార్థించినాడు. తన మాతృభాషలో బిడ్డలు తండ్రిని పిలుచు 'అబ్బా' అను పిలుపుతో దేవుని పిలిచినాడు. సాధ్యమైనచో ఈ శ్రమ పాత్ర తన యొద్ద నుండి తొలగవలెనని అడిగినాడు. అయినను తన ఇష్టము కాదు, తండ్రి ఇష్టమే జరుగవలెనని చెప్పుకొన్నాడు. ఒక్క మారు కాదు, మూడు మారులు అడిగినాడు. పాత్ర తొలగలేదు. తెల్లవారక మునుపే పట్టుకొనుటకు దివిటీలతో మనుషులు వచ్చినారు.

ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన పెట్టుడు. అరకొర విశ్వాసము గల తండ్రికి అడిగినది దొరికినది. పరిపూర్ణ విశ్వాసము గల కుమారునికి అడిగినది దొరకలేదు. ఇక విశ్వాసము ఎంతయో ఫలము అంత అను లెక్క ఎక్కడ నిలుచును? బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో నీ నమ్మిక చాలలేదని చెప్పువాడు, గెత్సేమనే తోటలో యేసుతో కూడ ఆ మాట చెప్పగలడా? చెప్పలేనిచో, ఆ తల్లితో చెప్పుటకు అతనికి అధికారము లేదు.

అట్లయినచో ప్రార్థన దేనికని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము ఆ తోటలోనే ఉన్నది. ప్రార్థనకు ముందు యేసు మిక్కిలి కలవరపడినాడని, దుఃఖము మరణమంత బరువుగా ఉన్నదని చెప్పుకొన్నాడని సువార్తికులు దాచక వ్రాసినారు. ప్రార్థన తరువాత ఆయన లేచి, నిద్రించుచున్న మిత్రులను లేపి, వచ్చువారికి తానే ఎదురు నడచినాడు. చీకటి అదే, శత్రువులు వారే, రాబోవు శిలువ అదే. మారినది ఒక్కటే: ఆ బరువును మోయువాడు ఒంటరివాడు కాడని తేలినది. పరిస్థితిని మార్చుమని అడుగుట తప్పు కాదు; ఆయనయే అడిగినాడు. కాని ప్రార్థన పరిస్థితితో ముగియదు. తండ్రి చేతిని పట్టుకొనుట దాని ప్రాణము.

మన భాషలో మొక్కుబడి అను మాట గతి ఏమైనదో చూడుడు. అది మొదట దైవమునకు చెల్లింపవలసిన మ్రొక్కు. నేడు ఎవరైన మనసు పెట్టక పని చేసినచో, మొక్కుబడిగా చేసినాడని అందుము. ఇచ్చి పుచ్చుకొను బేరముగా మారిన భక్తి ఎంత త్వరగా పొల్లు అగునో జనము ఎరిగియే ఆ మాటకు ఆ అర్థము కట్టినారు. ఇది ఒక మతమువారికి మాత్రమే వచ్చు జబ్బు కాదు. చర్చిలో మోకరించువాడును లోలోపల బేరము చేయవచ్చును. నాకు ఇది ఇచ్చినచో నీకు అది ఇత్తును అనునది ప్రార్థన కాదు, వ్యాపారము. వ్యాపారములో ఎదుటివాని సరుకు కావలెను గాని ఎదుటివాడు అక్కరలేదు.

ఇక్కడ నా వృత్తికి చెందిన ఒక చిన్న సంగతి చెప్పుటకు అనుమతింపుడు. రేడియోలో మాట్లాడువాని యెదుట ఒక మైకు, ఒక గడియారము, అద్దమునకు ఆవల ఒక ఇంజనీరు తప్ప మరెవ్వరును కనబడరు. తల ఊపువారు లేరు, చప్పట్లు లేవు. ఎక్కడనో ఒక ఇంటిలో ఎవరో వినుచున్నారను నమ్మకముతో అతడు మాట్లాడును. వినువారు లేరని తోచినచో అతని గొంతు పొడిబారిపోవును. కనబడని శ్రోతను నమ్ముకొని పలుకుట ఎట్లుండునో మాకు కొంత తెలియును. ప్రార్థనకు ఇది చాలిన ఉపమానము కాదు గాని, బదులు వెంటనే వినబడలేదు కనుక వినువాడు లేడని అనుకొనరాదని మాత్రము ఇది చెప్పగలదు.

బదులు కొరకు కనిపెట్టుకొని ఉండుట అనగానే మన ఒంగోలు జ్ఞాపకమునకు వచ్చును. అమెరికా నుండి వచ్చిన శామ్యూల్ డే 1840లో నెల్లూరులో బాప్టిస్టు మిషను స్థాపించినాడు. సంవత్సరములు గడచినవి. కష్టము చాల; కనబడు ఫలము స్వల్పము. ఇంత ధనము, ఇంత శ్రమ వ్యర్థము కదా, ఈ తెలుగు మిషనును మూసివేయుదమా అని 1853లో అమెరికాలో పెద్దలు చర్చించినారు. ఆ మిషనునకు అప్పటి నుండియే ఒంటి నక్షత్రమని పేరు వచ్చినది. మూసివేయలేదు గాని ఆశ సన్నగిల్లినది.

ఆ దినములలో లైమన్ జూయెట్ అను మిషనరీ తన భార్యతోను, నర్సు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగు క్రైస్తవులతోను ఒంగోలు వచ్చినాడు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆ అయిదుగురు ఊరి ప్రక్కనున్న కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపుమని ఒకరి తరువాత ఒకరు ప్రార్థించినారు. ఆ కొండకు తరువాత ప్రార్థన కొండ అను పేరు వచ్చినది. మరునాడు ఏమి జరిగినది? ఏమియు జరుగలేదు. మరుసటి ఏడును జరుగలేదు. 1862లో జూయెట్ ఆరోగ్యము చెడి అమెరికాకు వెళ్ళినప్పుడు, మిషనును విడిచిపెట్టు మాట మరల వచ్చినది. మీరు సాయము చేయకపోయినను నేను తిరిగి వెళ్ళి ఆ తెలుగువారి మధ్యనే బ్రతికి అక్కడనే చనిపోయెదనని ఆయన బదులు చెప్పినాడు. దీనినే నమ్ముకొనుట అందుము.

జాన్ క్లౌ అను యువకుడు 1865లో ఈ దేశమునకు వచ్చి, 1866లో ఒంగోలులో కాపురము పెట్టినాడు. కొండ మీద ప్రార్థనకు, ఆయన రాకకు నడుమ పండ్రెండేండ్లు గడచినవి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడినది. వచ్చిన బదులు కూడ ఎదురుచూచిన రూపములో రాలేదు. పై కులములవారు ముందు వచ్చినచో తక్కినవారు వెంట వత్తురని మిషనరీలు తలచుట సహజము. కాని ముందు వచ్చినవారు, ఊరు అంటరానివారని వెలుపల ఉంచిన మాదిగలు. తోళ్ళ వ్యాపారము చేయు యెర్రగుంట్ల పేరయ్య 1866లో బప్తిస్మము పొంది, తన పల్లెకును చుట్టుపట్ల పల్లెలకును ఆ వార్త చెప్పినాడు. వీరిని చేర్చుకొన్నచో తక్కినవారు దూరమగుదురని హెచ్చరిక వచ్చినది. అయినను క్లౌ వారిని త్రోసివేయలేదు. బదులు ఎవరి రూపములో వచ్చినను అందుకొనుట కూడ విశ్వాసములోని భాగమే.

అసలు పరీక్ష 1876లో మొదలైన మహాక్షామములో వచ్చినది. వానలు తప్పినవి; ధాన్యము ధర ఆకాశమునకు అంటినది; మద్రాసు రాజధానిలో లక్షల మంది మరణించినారు. క్లౌ ఒంగోలు గదిలో కూర్చుండి ప్రార్థించి ఊరకొనలేదు. యౌవనములో భూమి కొలతల పని నేర్చినవాడు గనుక, అప్పుడు త్రవ్వుచున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ పని కంట్రాక్టు తీసికొని, ఆకలితో వచ్చినవారికి పని చూపి కూలి ఇప్పించినాడు. బిచ్చము పెట్టినచో కడుపు నిండును. కూలి ఇచ్చినచో కడుపుతోపాటు మానము నిలుచును.

అప్పుడు వేలకొలది మంది మతములో చేరుదుమని వచ్చినారు. ఇన్నేండ్లు ఎదురుచూచినది ఇదే కదా! అయినను ఆ క్షామకాలమున క్లౌ ఎవ్వరికిని బప్తిస్మము ఇయ్యలేదు. గింజల కొరకు చేరినవారని లోకము అనుట మాట అటుండ, చేరినవారికే తమ మనసు తమకు తెలియకపోవునని ఆయన భయము. క్షామము తీరి, పంచుటకు ధనము లేదని తేటగా చెప్పిన తరువాత కూడ, మాకు ధనము అక్కరలేదు, చేర్చుకొనుడని వచ్చినవారినే చేర్చుకొన్నాడు. 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బప్తిస్మము పొందినారు.

చరిత్రకారులు ఈ సంఖ్యను విడువక వ్రాయుదురు. నాకు మాత్రము సంఖ్య కంటె ఆ నిరీక్షణయే పెద్దదిగా తోచును. చేతికి అందిన పంటను, ఇంకను పండలేదని కోయక నిలిచిన రైతు వంటి పని అది. రొట్టెకును విశ్వాసమునకును నడుమ ఆయన ఒక గీత గీసినాడు. ఆకలిగొన్నవానికి రొట్టె ఇయ్యవలెను. దానికి ప్రతిఫలముగా విశ్వాసమును అడుగరాదు. ఇదియే తలక్రిందుగా మనకును వర్తించును. దేవుని నమ్మవలెను, ఆ నమ్మకమునకు ప్రతిఫలముగా రొట్టెను లెక్కగట్టి అడుగరాదు.

ఆ క్షామములో ప్రార్థించినవారందరును బ్రతికినారని ఎవరును చెప్పలేరు. ప్రార్థించుచు మరణించినవారు ఉందురు. వారి పేర్లు ఏ పుస్తకములోను లేవు. వారి విశ్వాసము బ్రతికినవారి విశ్వాసము కంటె తక్కువదని అనుటకు మనకు నోరు రాకూడదు. తుపానులో పడవ వెనుక భాగమున తలగడ మీద నిద్రించుచున్న గురువును శిష్యులు భయముతో లేపిన కథ మీకు తెలిసినదే. ఆయన పడవలో ఉన్నంత మాత్రమున తుపాను రాకపోలేదు. తుపానులో వారితో ఆయన ఉన్నాడు. క్రైస్తవ విశ్వాసము ఇచ్చు మాట అంతే. అంతకంటె చౌకయైన మాట ఇచ్చువారిని నమ్మరాదు.

అందుచేత ప్రార్థింపదలచినవారు మొదట నిజము చెప్పవలెను. సందేహమున్నచో సందేహమనియే, కోపమున్నచో కోపమనియే చెప్పవచ్చును. ఆ తండ్రి కన్నీటిని త్రోసివేయనివాడు మనలను త్రోసివేయడు. కావలసినది అడుగవలెను, అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు. అడిగిన తరువాత లేచి చేతి పని చేయవలెను. రోగి యున్న ఇంటిలో ప్రార్థన వైద్యునికి పోటీ కాదు. మందు గడియ తప్పించి మోకరించుట భక్తి కాదు. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరములో మిషనులవారు క్షయరోగుల కొరకు వైద్యశాల కట్టినారు. ఆ రోగమునకు గురియైన మందు అప్పటికి లేదు. గాలి, వెలుతురు, పుష్టికరమైన ఆహారము, విశ్రాంతి, నెలల కొలది ఓర్పు, ఇవియే అప్పటి చికిత్స. అట్టి చోట చేయునట్టి ప్రార్థనకు, థర్మామీటరు చూచు నర్సు చేతికి విరోధము లేదు.

ఇక, దుఃఖములో ఉన్నవారి యొద్దకు వెళ్ళునప్పుడు వారి విశ్వాసమును తూచుటకు త్రాసు తీసికొని వెళ్ళరాదు. గెత్సేమనేలో యేసు మిత్రులను అడిగినది ఉపన్యాసము కాదు. ఒక్క గడియ తనతో మేలుకొని ఉండుమని. మన పొరుగింటి దుఃఖితులు మనలను అడుగునదియు అంతే.

1854 నూతన సంవత్సర దినమున ఆ అయిదుగురు కొండ దిగి వచ్చినప్పుడు, క్రింద ఊరు వారు ఎక్కినప్పుడు ఉన్నట్లే ఉన్నది. ఆ ఊరికి పంపబడువాడు అప్పటికి సముద్రమునకు ఆవల పదునెనిమిదేండ్లు నిండని కుర్రవాడు. ఒంగోలు అను పేరును విననివాడు. ఆ సంగతి వారికి తెలియదు. తెలియకయే దిగి, తమ పనికి తాము వెళ్ళినారు.